కోటలో విడిచిన బూట్లు

"కోట గుమ్మం కింద నిలబడి అందరం చప్పట్లు కొట్టినం," అన్నారు ఆదిలక్ష్మి గారు.

"చప్పట్లా? ఎందుకండీ?"

"గోల్కొండల కొడ్తరు గదమ్మా! కింద కొడితె పైన ఇనపడ్తది. కోటంటే కోటనే గద, ఆ దేశంల గూడ గట్లనే ఉంటదనుకున్నం. టికెట్లిచ్చే పిల్ల మమ్ముల జూసి తను గూడ కొట్టింది పాపం. ఆమెకేం అర్థమైందో ఏమో."

నాకు మాత్రం ఏమీ అర్థం కావడం లేదు. ఒక మనిషిని గోడ మీద నుంచి ఎవరు తోశారని అడుగుతుంటే ఇంతసేపటికి నాకు దొరికినవి ఈ చప్పట్లు, ఆ ఊళ్లో ఉప్పు లేని కూర, వ్యాన్‌లో పోయిన దువ్వెన. పదిహేనేళ్లుగా ఈ పని చేస్తున్నాను. సాక్షులు అబద్ధాలాడితే పట్టుకోవడం తెలుసు. నిజాలే ఇన్ని చెబితే ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు.

జరిగింది ఇది. చిక్కడపల్లిలో మేం కూర్చున్న ఈ ఫ్లాట్ కిషన్ రావుది. నారాయణగూడలో ఆయనకు బడి యూనిఫాంల దుకాణం ఉంది. బట్టలతో పాటు పిల్లల నల్ల బూట్లు, పెద్దవాళ్ల నల్ల బూట్లు కూడా అమ్ముతాడు. రెండు నెలల కిందట ఆరుగురు కలిసి స్పెయిన్ చూడటానికి వెళ్లారు. కిషన్ రావు, భార్య నళిని, తమ్ముడు వీరరాఘవరావు, అక్క ఆదిలక్ష్మి, దుకాణంలో భాగస్వామి ఫణీంద్ర, టూర్ నడిపే గణేశ్. వల్దెరోకా అనే చిన్న ఊళ్లో, ఈమధ్యే బాగుచేసిన పాతకాలపు కోట చూస్తుండగా కిషన్ రావు గోడ మీద నుంచి లోపలి వాకిట్లో పడ్డాడు. తల పగిలింది. అక్కడి పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. డాక్టర్‌ను తోడిచ్చి విమానంలో ఇక్కడికి తెచ్చారు. ఇప్పుడు నారాయణగూడలోనే ఒక ఆసుపత్రిలో ఉన్నాడు. ఈమధ్యే కళ్లు తెరుస్తున్నాడు కానీ మాట లేదు.

చిక్కంతా కళ్లు తెరిచాకే మొదలైంది. నళిని గదిలో అడుగుపెడితే చాలు, గుండె కొలిచే మిషన్ గోల పెడుతోంది. తోసింది భార్యే, అందుకే ఆమెను చూసి భయపడుతున్నాడని తమ్ముడు తేల్చేశాడు. ఆమెను ఇక లోపలికి రానివ్వనని నిన్న బెదిరించి, ఈ ఉదయం ఆసుపత్రిలో అలాగే రాసిచ్చాడు. పన్నెండింటికి తన డిటెక్టివ్ అవినాష్‌తో, ఏదో సాక్ష్యంతో ఇక్కడికి వస్తానన్నాడు. అక్కణ్నుంచి నేరుగా పోలీసుల దగ్గరికట.

నిన్న అశోక్ నగర్‌లో నా ఆఫీసు మెట్లెక్కి వచ్చిన నళిని నన్నడిగింది ఒక్కటే. "నన్ను ఆయన దగ్గర కూసోనియ్యమని చెప్పుండ్రి మేడం. జైలు సంగతి తర్వాత."

అందుకే ఒప్పుకున్నాను. ఇప్పుడు టైం పదకొండున్నర.

"చప్పట్ల తర్వాత?" అన్నాను.

"తర్వాత లోపలికి పోయినం. ఎడమపక్క చిన్న చర్చి. గుమ్మం ముంగట అందరం చెప్పులు, బూట్లు ఇడిచినం."

"విడవమని ఎవరైనా చెప్పారా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "దేవుని గుడిలకు పోతుంటే ఎవరన్న చెప్పాల్నా? ఒక్క కిషనే రాలే. గన్ని లేసులు విప్పుడు నాతోని గాదు, గోడ ఎక్కి చూసొస్త అన్నడు. మేం ఐదుగురం లోపలికి పోయినం. మేరీమాత మంచిగున్నది. నేనొక పాట పాడిన."

"చర్చిలో?"

"అమ్మవారి పాట. ఏ అమ్మైతేంది?"

"పాడుతున్నప్పుడు నళిని ఎక్కడుంది?"

"నా కుడిపక్క."

"చూశారా?"

"పాట పాడేటప్పుడు కండ్లు మూస్కుంట గదమ్మా."

పెన్ను కింద పెట్టేశాను. పొద్దున గణేశ్ నా ఆఫీసుకొచ్చి చెప్పిందీ ఇదే. "నళినక్క వెనకుండె మేడం, రాఘవ సార్ పక్కకు. ఆదిలక్ష్మమ్మ పాట మొదలువెట్టంగనే మేం గూడ కండ్లు మూసినం. మర్యాద గద." ఆదిలక్ష్మికి కుడిపక్క, గణేశ్‌కు వెనక. ఫణీంద్ర ఫోన్లో ఇంకా మర్యాదగా చెప్పాడు. "కండ్లు మూసుకున్న మేడం. వదినె ఉన్నదో లేదో నేను చూడలే. చూడనిది చూసిన్నని ఎట్ల చెప్పాలె?" అందరూ అక్కడే ఉన్నామంటారు. అందరూ కళ్లు మూసుకున్నామంటారు. ఐదుగురిలో ఒకరు మెల్లగా బయటికి పోయి వచ్చినా మిగతా నలుగురూ ఒట్టేసి లేదనేట్టున్నారు.

గణేశ్ కాగితం మీద గీసిచ్చిన బొమ్మ తీశాను. ఎడమపక్క చర్చి, మధ్య కంకర పరిచిన వాకిలి, కుడిపక్క గోడ మీదికి మెట్లు. గోడలో సగం పాతది, గోధుమ రంగు రాయి. కూలిపోయిన సగం మళ్లీ కట్టారు, తెల్ల రాయి. ఏది పాతదో ఏది కొత్తదో చూసేవాళ్లకు తెలియాలని కావాలనే రంగు తేడాగా కడతారట. తెల్ల రాయి ఉన్నంత దూరం ఇనప కడ్డీలున్నాయి. గోధుమ రాయి మొదలయ్యే చోట కడ్డీ లేదు, అడ్డంగా ఒక తాడు కట్టారు. కిషన్ రావు సరిగ్గా ఆ హద్దు దగ్గరే పడ్డాడు. తాడు కొక్కెం ఊడదీసి ఉంది. యాభై ఎనిమిదేళ్ల షావుకారు, మోకాళ్లు నొప్పులంటూ ఏ ఊళ్లోనూ నాలుగు మెట్లు ఎక్కనివాడు, పక్కన ఎవరూ లేకుండా తాడు విప్పుకుని అంచుకెందుకు పోతాడు? ఆ పక్కనున్నది ఎవరు?

"అరుపు వినపడింది," అన్నారు ఆదిలక్ష్మి గారు, అడక్కుండానే. "పాట ఆగిపోయింది. ఒట్టి కాళ్లతోని ఉరికినం. ఆ కంకర కాళ్లల్ల గుచ్చుకొని చూడు, ఇప్పటికీ ఈ మచ్చ పోలే." ఆవిడ పాదం ఎత్తి చూపించారు. తర్వాత గొంతు తగ్గించారు. "నళిని జర ఆలస్యంగ వచ్చింది. బూట్లేసుకొని వచ్చింది. నేను ఎవ్వరితోని అనలే. రాఘవ చూసిండు."

పెన్ను మళ్లీ చేతిలోకి తీసుకున్నాను.

నళిని వంటింట్లోంచి చాయ్ తెచ్చింది. రెండు కప్పులూ నా ముందే పెట్టింది, ఆడబిడ్డకు ఇవ్వడం మరిచిపోయి. ఆమె కంగారు చూస్తే నాకు జాలిగానే ఉంది. కానీ జాలితో కేసు నిలబడదు.

"మీ ఆయన పడ్డాడని తెలిసి అందరూ చెప్పుల్లేకుండా పరిగెత్తారు. మీరు బూట్లేసుకుని వచ్చారా?"

"ఏసుకున్న," అంది.

"ఎందుకు?"

"నాకే తెల్వది మేడం. ఎవరో అరిసిన్రు. ఎవరికేమైందో తెల్వలే. బయటికొచ్చిన, బూట్లేసుకున్న. గుడి నుంచి బయటికొస్తే ఏం చేస్తమో అదే చేసిన. ఏసుకొని చూస్తే ఆయన కంకరల పడి ఉన్నడు." ఆగింది. "ఆ రెండు నిమిషాల గురించి నన్ను జీవితమంత అడుగుతరు గావచ్చు."

"బూట్లు ఎక్కడ విడిచారు?"

"గుమ్మం దగ్గరనే."

"ఆ రోజు పొద్దున వ్యాన్‌లో మీ ఇద్దరికీ గొడవైందని మీ మరిది అంటున్నాడు."

"అయింది. ఇంటికి పోయినంక ఫణన్నను దుకాణంల నుంచి వేరు పెడత, ఇయ్యాలనే చెప్పేస్త అన్నడు. టూర్ల వద్దు, అందరి ముంగట ఆయన మొకం చిన్నబోతదని నేను అన్న. గదే లొల్లి. ఫణన్న పాపం ఆయన పడ్డకాడి నుంచి రోజు నన్ను కార్ల దవాఖానకు తీస్కపోయిండు, తీస్కొచ్చిండు. ఇయ్యాల ఆయన గూడ రాలే."

బెల్ మోగింది. పన్నెండు కాలేదు. అవినాష్ ఎప్పుడూ ముందే వస్తాడు. ఎదుటివాళ్లు సర్దుకోకముందే మీద పడటం అతని పద్ధతి.

బషీర్‌బాగ్‌లో అద్దాల ఆఫీసు, ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో ట్యాబ్. నాకంటే పదేళ్లు చిన్న. నా దగ్గర ఆర్నెల్లు పని నేర్చుకుని, నాకు ఏమీ రాదని ఊరంతా చెప్పుకుంటూ పోయినవాడు. వెనకే వీరరాఘవరావు, గడ్డం పెరిగి, నిద్రలేని కళ్లతో. వదినె వైపు చూడకుండా గోడకానుకుని నిలబడ్డాడు.

"రాగిణి మేడం! ఇంక నోట్‌బుక్‌లనే రాస్తున్నరా?" అన్నాడు అవినాష్.

"రాసింది నాకు గుర్తుంటుంది బాబూ. ఏం తెచ్చావ్?"

"ఫొటో." ట్యాబ్ టేబుల్ మీద పెట్టాడు. "మీ క్లయింట్ లోపలున్న అంటుంది. లోపలున్నోళ్లందరు బూట్లు బయట ఇడిచిన్రు. ఆ కోటల టికెట్లిచ్చే పిల్లకు ఇది మస్తు నవ్వొచ్చింది. ఫొటో తీసి కోట పేజీల పెట్టింది, ఇండియా నుంచి వచ్చినోళ్లు మా చర్చి ముంగట ఇట్ల చేసిన్రు అని. టైం చూడుండ్రి. కిషన్ రావు గారు పడటానికి మూడు నిమిషాల ముందు."

తొంగి చూశాను. రాతి గుమ్మం, మూసిన తలుపు, గోడ వెంట పొడుగ్గా ఒక వరస. కోట చర్చి ముందు మన గుడి వాకిలి. ఇంకోసారైతే నేనూ నవ్వేదాన్ని.

"తోలు చెప్పులు ఆదిలక్ష్మి గారివి," అన్నాడు అవినాష్, వేలితో తాకుతూ. "ఎర్ర బూట్లు గణేశ్‌వి. మిగిలినోళ్లకు కిషన్ రావు గారు తన దుకాణం నుంచే ఒక్కలాంటి నల్ల బూట్లిచ్చిండు. ఇగో ఈ నల్ల జత రాఘవ సార్‌ది. ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి, ఇడిసి పడేసినట్టున్నయి చూడుండ్రి, ఫణీంద్ర గారివి. మగోళ్లం గిట్లనే తన్నేసి పోతం. మొత్తం నాలుగు జతలు. లోపల ఐదుగురు గద? ఐదో జత ఏది? నళిని గారి జత ఏది?"

తలెత్తి ఒక్కొక్కరినీ చూశాడు.

"లేదు," అన్నాడు. "ఎందుకంటే ఆమె అప్పుడు గోడ మీద ఉన్నది. అందుకే అందరు ఒట్టి కాళ్లతోని ఉరికితే ఆమె బూట్లతోని దిగింది."

నళిని ఫొటో వైపు చూసి, నా వైపు చూసి, మళ్లీ ఫొటో వైపు చూసింది. "నేను గుమ్మం దగ్గరనే పెట్టిన," అంది.

"ఎక్కడున్నయి మరి? చూపియ్యుండ్రి!"

ఆమె కంగారులో సరిగ్గా చూడను కూడా చూడలేకపోయింది. వీరరాఘవరావు గోడ నుంచి కదిలాడు. "ఇంక చాలు వదినె. పోలీసులకు చెప్పు ఏం చెప్తవో."

ఒప్పుకుంటాను, ఆ క్షణంలో నేనూ ఆమెను నమ్మలేదు. అబద్ధాలాడే మనిషి ఇంత చేతగాకుండా ఆడుతుందా? నిజం చెప్పే మనిషి బూట్లు ఫొటోలో ఎందుకుండవు? గాలాడక లేచి తలుపు తీసి వరండాలోకి వచ్చాను. ఆఫీసుకు పోయి ఈ కేసు వద్దని చెప్పేద్దామన్నంత చిరాకు వచ్చింది నా మీద నాకే.

నా చెప్పులు వేసుకోబోతే కాలికి ఇంకొకటి తగిలింది. ఆడవాళ్ల చెప్పు, నీలం రంగు. ఒక్కటే. రెండోది కోసం అలవాటుగా అటూ ఇటూ చూశాను. చెప్పుల స్టాండ్‌లో లేదు, కింద లేదు. తలుపుకు అవతలి పక్క, పాలసంచి తగిలించే కొక్కెం కింద ఉన్న బకెట్ వెనక కనబడింది. నీటుగా, గోడ వైపు ముఖం పెట్టి.

వంగి చూశాను. తన్నేసిన చెప్పు బోర్లా పడుతుంది, లేదా వంకరగా ఉంటుంది. ఇది పెట్టిన చెప్పు. అలా పెట్టాలని పెట్టింది.

"నళిని గారూ, ఇలా బయటికి రండి," అని పిలిచాను. "మనం ఆసుపత్రికి పోదాం. చెప్పులేసుకోండి. మిగతావాళ్లు కూడా వచ్చి చూడండి."

"డ్రామాలొద్దు మేడం," అన్నాడు అవినాష్, గుమ్మంలోకి వస్తూ.

నళిని అయోమయంగా వచ్చింది. ఎవరి వైపూ చూడలేదు. చూపు కూడా అవసరం లేనట్టు ఎడమ కాలు స్టాండ్ పక్కకు వేసింది, ఒక చెప్పు. రెండడుగులు అవతలికి నడిచి బకెట్ వెనక కుడి కాలు పెట్టింది, రెండో చెప్పు. వేసుకుని నిలబడింది, ఇక పోదామా అన్నట్టు.

"ఇదేంటండీ? ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ?" అన్నాను.

"నేను ఎప్పుడు గట్లనే ఇడుస్త," అంది, ఇది కూడా అడగాలా అన్నట్టు. "గుడికాడ రెండుసార్లు పోయినయి. కొత్తయి. గప్పటి నుంచి ఒకటి ఈడ, ఒకటి ఆడ పెడత. జత దొరకకపోతే దొంగలు తీస్కపోరు. ఇంట్ల గూడ అలవాటైపోయింది."

ఆదిలక్ష్మి గారు వెనక నుంచి, "నేను గూడ పండగలప్పుడు గట్లనే చేస్త," అన్నారు.

వరండాలో ఒక్కసారిగా అందరూ ట్యాబ్ కోసం చూశారు. అది అవినాష్ చేతిలోనే ఉంది.

"ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి," అన్నాను. "తన్నేసినవి కావు బాబూ. రెండూ గోడకు ముఖం పెట్టి ఉన్నాయి చూడు. పెద్దది చెయ్. ఆదిలక్ష్మి గారి చెప్పు పక్కనున్న నల్ల బూటు ఆ చెప్పు కంటే పొడుగ్గా ఉందా?"

అతను వేళ్లతో బొమ్మను పెంచాడు. బూటు చెప్పంతే ఉంది.

"వీరరాఘవరావు గారూ, ఫణీంద్ర గారి కాలు సైజెంత?"

"పది," అన్నాడు ఆయన, ఫొటో మీద నుంచి కళ్లు తీయకుండా. "దుకాణంల లేకుంటే అన్న ప్రత్యేకంగ తెప్పిచ్చిండు."

"ఇది పదా?"

"కాదు." ఆయన ట్యాబ్ చేతిలోకి తీసుకున్నాడు. "ఇది వదినెది."

నళిని తలుపుకు చేరగిలబడింది. ఏడవలేదు. రెండు నెలల తర్వాత ఒకరు తన మాట నమ్మారన్న సంగతి ఆమెకు ఇంకా అందినట్టు లేదు. నాకు మాత్రం ఆమెను నమ్మనందుకు సిగ్గేసింది.

"అంటే ఫొటో తీసినప్పుడు ఆమె లోపలే ఉంది," అన్నాను. "నాలుగు జతలన్న నీ లెక్క కరెక్టే అవినాష్. లేని ఐదో జత ఎవరిది అన్నది తప్పు."

అవినాష్ ముఖం ఎర్రబడింది. "ఫణీంద్ర గారు బూట్లు ఇంకెక్కడన్న ఇడిచి ఉండొచ్చు. లోపలికే ఏసుకొని పోయి ఉండొచ్చు. ఒక్క ఫొటోతోని మీరు..."

"ఇందాక ఇదే ఒక్క ఫొటోతో నువ్వు ఒకావిడను జైలుకు పంపేటట్టున్నావ్ కదా!"

"నేను కనుక్కుంట," అని ఫోన్ తీసి విసురుగా మెట్ల వైపు పోయాడు. ఎవరికి చేస్తున్నాడని నేను అడగలేదు. అడగాల్సింది. నా తల అప్పటికే ఇంకోచోట ఉంది.

"గుర్తు తెచ్చుకోండి," అన్నాను వీరరాఘవరావుతో. "మీరు ఒట్టి కాళ్లతో పరిగెత్తి వచ్చేసరికి మీ అన్న దగ్గర ఎవరున్నారు?"

"ఫణన్న. మాకంటే ముందుగాల్నే ఉరికిండు. అన్న తల ఒళ్లె పెట్టుకొని కూసున్నడు."

"అంబులెన్సులో?"

"నేను, ఫణన్న పోయినం. వదినె అప్పుడే వస్తుండె, జాగ లేదన్నరు."

"ఆ ఆసుపత్రిలో మీ కాళ్లు?"

"నెత్తురు కారుతుండె, కంకరకు. నర్సు చూసి కట్టు కట్టి, ప్లాస్టిక్ చెప్పులిచ్చింది. ఒక్క జత..." ఆయన ఆగిపోయాడు. గోడ మీద చెయ్యి పెట్టాడు. "ఒక్క జతనే ఇచ్చింది. ఫణన్నకు ఇయ్యలే. ఫణన్నకు బూట్లున్నయి. లేసులు కట్టి ఉన్నయి. నేను ఆయన పక్కనే కూసొని నా కాళ్లకు కట్టు కట్టించుకున్న మేడం. చూసిన. చూసి గూడ..."

లేసులు. కిషన్ రావు విప్పడానికి బద్ధకించిన అవే లేసులు. కట్టుకోవడానికి భార్యకు రెండు నిమిషాలు పట్టిన అవే లేసులు. అరుపు వినబడ్డాక లేసులు కట్టుకుని అందరికంటే ముందు వాకిట్లోకి చేరడం ఎవరివల్లా కాదు. అరుపు కంటే ముందే కట్టుకుని ఉండాలి.

"ఇంకొకటి," అన్నాను. "నళిని గారు గదిలోకి పోతే మీ అన్న గుండె వేగంగా కొట్టుకునేదన్నారు. ఆవిడ ఒక్కతే పోయిందా ఎప్పుడైనా?"

"లేదు. రోజు ఫణన్ననే..." అని, మాట పూర్తి చేయలేక నళిని వైపు చూశాడు. రెండు నెలల్లో మొదటిసారి కావచ్చు.

"ఆయన నా ఎనకనే నిలబడేటోడు," అంది నళిని మెల్లగా. "నా భుజం మీది నుంచి ఆయన్ను చూసేటోడు."

"ఇప్పుడు మీ అన్న దగ్గర ఎవరున్నారు?"

వీరరాఘవరావు మెట్ల వైపు ఉరికాడు. చెప్పాల్సిన పని లేదు. వదినెను బయట నిలబెట్టి, అన్నను ఎవరికి అప్పజెప్పి వచ్చాడో ఆయన ముఖంలోనే ఉంది.

కారులో నేను ఆసుపత్రికి రెండుసార్లు ఫోన్ చేశాను. మొదటిసారి పాట వినిపించారు, రెండోసారి లైన్ బిజీ. పోలీసులకు చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వాళ్లు అడిగిన ప్రశ్నలకు బూట్ల సంగతి చెబుతుంటే నాకే వెర్రిగా వినిపించింది. అవినాష్ వెనక తన బండి మీద వచ్చాడు. నారాయణగూడ ఎంత దూరమని? అయినా ఆ పది నిమిషాలూ నళిని సీటు అంచున కూర్చుని, కారు ఆగక ముందే తలుపు తీసింది.

రెండో అంతస్తులో గార్డు ఆమెకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మా, మీకు పర్మిషన్ లేదు. పొద్దున్నే రాసిచ్చిన్రు."

"రాసిచ్చింది నేనే," అన్నాడు వీరరాఘవరావు. గార్డు చెయ్యి పక్కకు తోశాడు. "ఆమె మా వదినె. ముందుగాల ఆమెను పోనియ్యి."

నళిని పరిగెత్తింది. మేం వెనకే వెళ్లాం. గది తలుపు తెరిచే ఉంది. మంచం మీద తీసేసిన దుప్పటి, పక్కన ఆపేసిన మిషన్. ఒక ఆయా నేల తుడుస్తోంది.

"పేషెంట్ ఏడి?" అన్నాను.

"ఇప్పుడే తీస్కపోయిన్రు మేడం. పెద్ద దవాఖానకట. ఆ సార్ సంతకం పెట్టిండు, ఇంటోళ్లే అన్ని ఆయనకు అప్పజెప్పిన్రట గద. ఎక్కడి నుంచో ఫోనొచ్చింది, దడదడ అంబులెన్స్ పిలిపిచ్చిండు."

ఎక్కడి నుంచో ఫోన్. నేను వెనక్కి తిరిగాను. అవినాష్ గుమ్మంలో హెల్మెట్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా చెమటకు అంటుకుపోయింది.

"ఆయనకే చేశావా?"

"బూట్లు ఎక్కడ ఇడిచినవని అడిగిన," అన్నాడు. "గంతే మేడం. అడిగితే తెలుస్తది గద అనుకున్న. ఆయన నవ్విండు. చాలాసేపు నవ్విండు."

ఎవరినని తిట్టను? మెట్ల దగ్గర నేను ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

వీరరాఘవరావు జేబులో ఫోన్ మోగింది. తీసి చూసి, నాకు చూపించాడు. ఫణన్న.

"ఎత్తండి. అందరికీ వినపడేలా పెట్టండి. ఎప్పటిలాగే మాట్లాడండి," అన్నాను. "మీకేం తెలియదు. అర్థమైందా? ఎక్కడున్నాడో అడగండి, అంతే."

ఆయన ఎత్తాడు. "చెప్పు ఫణన్న. అన్న... అన్న ఎట్లున్నడు?"

"మంచిగున్నడు రాఘవా. పరేషాన్ గాకు," అంది అవతలి గొంతు. తీరుబడిగా ఉంది. "ఇయ్యాల పెదవులు కదుపుతుండు. ఏదో చెప్పాలని చూస్తుండు పాపం. చెవి దగ్గర పెట్టి వింటున్న."

"ఎక్కడున్నవన్నా? నేనొస్త."

"నీ పక్కన ఆ డిటెక్టివమ్మ ఉన్నది గద. ఫోన్ ఆమెకియ్యి."

నా చేతికొచ్చింది ఫోన్.

"రాగిణి గారూ, పోలీసులకు చెప్పే ఉంటరు. చెప్పుకోండ్రి," అన్నాడు ఫణీంద్ర. "కోట గోడ మీద కిషన్ నాతోని ఒక మాట చెప్పిండు. ఇరవై రెండేండ్లు కలిసి చేసినంక, గుడికాడ చెప్పులిడిసినంత సులువుగ చెప్పిండు. నేను జవాబు చెప్పకముందే పడిపోయిండు. ఇయ్యాల నా జవాబు ఆయన వినాలె. విన్నంక మీరొచ్చి ఆయన్ను తీస్కపోండ్రి."

"ఫణీంద్ర గారూ, ఆయన ప్రాణం..."

కట్ చేశాడు. మళ్లీ చేస్తే స్విచాఫ్ అని వచ్చింది.

కింద వీధిలో పోలీసు జీపు ఆగిన చప్పుడైంది. అవినాష్ అంబులెన్స్ నంబరు కోసం గార్డు వెంట పరిగెత్తాడు. నేను ఆ ఆయాను ఎటు వైపు తిరిగింది, ఎవరు నడిపారు అని అడుగుతూనే ఉన్నాను. నళిని మాత్రం కదల్లేదు. ఖాళీ మంచం పక్కన రోగి బంధువుల కోసం వేసిన కుర్చీ ఉంది. దాని మీద చెయ్యి వేసి, మరిది వైపు తిరిగింది.

"ఈ కుర్చీల నన్ను కూసోనిస్తే ఏమైపోతుండె రాఘవా?" అంది.